ఏ ఇంకు ఎంత నలుపు?

వార్షికోత్సవ సంచికకు మా బ్యాచ్ తరఫున ఏదైనా రాసివ్వమని సంపాదక వర్గం వారు అడిగారు. భోజనం గంట గురించీ, ఆదివారం కోడికూర గురించీ, స్టడీ అవర్లో కునికిపాట్ల గురించీ చాలామంది రాసేశారు. ప్రతి సంచికలోనూ అవే ఉంటాయి, ప్రతిసారీ మనమంతా ఇష్టంగా చదువుతాం, అది వేరే సంగతి. మేము మాత్రం నల్ల ఇంకు గురించి రాస్తామన్నాం. తమ్ముళ్ళు నవ్వారు. "ఇంకు గురించి రాయడానికేముందన్నయ్యా, నల్లగా ఉంటుంది, అంతేగా" అన్నాడొకడు. నల్లగానే ఉంటుంది. ఎంత నల్లగా, ఎన్నాళ్ళు నల్లగా అన్నదే మా గొడవ.

మేమంటే 1998-99లో పదో తరగతి రాసిన బ్యాచ్‌లో ఇప్పటికీ ఒకరి ఫోను ఒకరు ఎత్తే ఐదుగురం. మాలో ఒకరు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతారు, ఒకరికి జెరాక్స్ షాపు ఉంది, ఒకరు ఆర్టీసీ కండక్టరు, ఒకరు పంచాయతీ కార్యదర్శి, ఒకరు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. ఈ ఏడాది మా అయిదుగురికీ కమిటీ వారు ఒక పని అప్పగించారు. హాస్టల్ పెట్టిన నాటి నుంచి ఇక్కడ చదివిన ప్రతి ఒక్కరి పేరూ, తల్లిదండ్రుల పేర్లూ, ఊరూ, చేరిన సంవత్సరమూ ఒక పెద్ద బైండు పుస్తకంలో చేత్తో రాయాలి. కంప్యూటరులో కొట్టి ప్రింటు తీస్తే ఒక్క పూటలో అయిపోతుందన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాటా కాదనలేం, లేజర్ ప్రింటరు టోనరులో ఉండేది కూడా కార్బనే, అదీ బాగానే నిలుస్తుంది. కానీ చేత్తోనే రాయాలని మీటింగులో తీర్మానమైంది. రాసేది ఏ ఇంకుతో అన్న ప్రశ్న మా నెత్తిన పడింది.

మన పాత విద్యార్థులకు ఇంకుతో ఉన్న చుట్టరికం గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. మేము ఆరో తరగతిలో చేరేనాటికే రెనాల్డ్స్ బాల్ పెన్నులు వచ్చేశాయి. అయినా తెలుగు మాస్టారు ఇంకు పెన్నుతో రాస్తేనే దస్తూరి కుదురుతుందని పట్టుబట్టేవారు. ట్రంకు పెట్టెలో దుప్పటి కింద గుడ్డలో చుట్టిన ఇంకుబుడ్డి ఉన్నవాడు ఆ గదికి షావుకారు. లేనివాడు చుక్కల లెక్కన అప్పు తీసుకునేవాడు. బల్ల మీద పది చుక్కలు వేస్తే పాళీ ఆనించి పీల్చుకోవాలి, ఆదివారం గుడ్డులో సగం ఇచ్చి బాకీ తీర్చుకోవాలి. పాళీ తుడవడానికి తలవెంట్రుకలు ఉండనే ఉన్నాయి. నెలాఖరుకు బుడ్డి అడుగంటితే నీళ్ళు పోసి తిప్పి రాసుకునేవాళ్ళం. అందుకే ఎవరి నోటు పుస్తకం తిరగేసినా నెలలో ఏ వారం రాసిందో చెప్పేయవచ్చు. ఒకటో తారీఖు పేజీ కాటుకలా ఉంటుంది, ఇరవై అయిదో తారీఖు పేజీ కుడితినీళ్ళలా ఉంటుంది. మళ్ళీ నల్లబడిందంటే ఆ వారం వాడి ఇంటి నుంచి మనియార్డరు వచ్చిందన్నమాట. అక్షరం ఎంత నలుపైతే ఇంటి దగ్గర అంత బాగున్నట్టు మాకో లెక్క ఉండేది.

ఇక అసలు సంగతి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను మన కోనసీమలో చాలామందికి ఇంకా గుర్తు. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అప్పటికి మేము ఎనిమిదో తరగతి. ఆఫీసు గది రేకులు ఎగిరిపోయి బీరువాలోకి నీళ్ళు దిగాయి. రెండు రోజుల తరువాత ఎండ కాస్తే వార్డెన్ గారు, కమాటీ, మేమందరం కలిసి అడ్మిషన్ రిజిస్టర్లు విప్పి, బట్టలారేసే తీగ మీద పేజీ పేజీకీ మధ్య చీపురుపుల్లలు పెట్టి ఆరబెట్టాం. అప్పుడు చూశాం. నీలం ఇంకుతో రాసిన పేజీలు ఆకాశం రంగు మరకలై పోయాయి. అన్నిటికన్నా పాత పేజీలు, బ్లూ బ్లాక్ ఇంకుతో రాసినవి, గోధుమ రంగుకు తిరిగాయి గానీ ఒక్క అక్షరం చెదరలేదు. నల్ల ఇంకు పేజీలు రెండు రకాలుగా ఉన్నాయి. కొన్ని నిలిచాయి, కొన్ని ఊదారంగు నీళ్ళు కారి ఖాళీ అయ్యాయి. ఆరబెడుతున్నప్పుడు మాకు అదొక వింత, అంతకుమించి ఏమీ తోచలేదు.

ఆ వింత ఖరీదు 2023లో తెలిసింది. 1983లో ఆరో తరగతిలో చేరిన ఒక అన్నయ్య హాస్టల్‌కు వచ్చారు. ఆయన పనిచేసే చోట పుట్టిన తేదీ దగ్గర పేచీ వచ్చింది. చదివిన బడి రిజిస్టరు అదే తుపానులో పోయింది, హాస్టల్ రిజిస్టరులో ఉంటే నకలు కావాలన్నారు. వార్డెన్ గారు వెతికి 1983 పేజీ తీశారు. ఆయన వరుస ఎక్కడుండాలో అక్కడ ఊదా మరక ఉంది. పేరు లేదు, తేదీ లేదు, ఊరు లేదు. కుడిచేతి వైపు చివరి గడిలో వాళ్ళ నాన్నగారి వేలిముద్ర మాత్రం ఉంది. గీత గీత స్పష్టంగా, నిన్న వేసినంత నల్లగా ఉంది. ఆ రోజుల్లో వేలిముద్రలకు వాడింది నూనెతో నూరిన మసి సిరా, నీళ్ళకది లొంగదు. ఆ పేజీలో అయ్యల వేలిముద్రలన్నీ మిగిలాయి, ఇంకుతో రాసిన పిల్లల పేర్లు సగం పోయాయి. అన్నయ్య చాలాసేపు ఆ గడి మీద వేలు పెట్టుకుని కూర్చున్నారు. "మా నాన్నకు అక్షరం రాదు, ఆయనదే మిగిలింది చూడు" అన్నారు. పక్కన పేరు లేని వేలిముద్ర ఏ ఆఫీసులోనూ రుజువు కాదు. వేరే దారిలో కాగితం సంపాదించి పని చక్కబెట్టుకునే సరికి ఆయనకు పది నెలలు పట్టింది.

అందుచేత పేర్ల పుస్తకానికి ఇంకు ఎంచడమంటే మాకు ఆషామాషీ అనిపించలేదు. నల్లనివన్నీ నీళ్ళు, తెల్లనివన్నీ పాలు అనుకునే వయసు కూడా దాటింది. ఏడు నల్ల ఇంకులు పోగుచేశాం. మూడు మన మార్కెట్లో దొరికే మామూలు సీసాలు. వాటికి క, ఖ, గ అని కాగితాలు అంటించాం. పేర్లు ఇక్కడ రాయడం లేదు, ఒక్కొక్క సీసాతో చేసిన పరీక్షకు ఒక కంపెనీని మెచ్చుకోవడం గానీ నొచ్చుకునేలా చేయడం గానీ న్యాయం కాదు. నాలుగోది పార్కర్ క్వింక్ నలుపు. అయిదోది నూడ్లర్స్ నలుపు, డల్లాస్‌లో ఉన్న మన 2004 బ్యాచ్ తమ్ముడు సంక్రాంతికి వస్తూ సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకొచ్చాడు. ఆరోది జపాన్ వాళ్ళ ప్లాటినమ్ కార్బన్ బ్లాక్, హైదరాబాదు నుంచి మా సాఫ్ట్‌వేరు మిత్రుడు తెచ్చాడు. ఏడోది మేమే కాచాం. దాని కథ తరువాత.

మొదట నలుపంటే ఏమిటో మా సైన్సు మాస్టారు చెప్పింది రెండు ముక్కల్లో చెబుతాం. మీద పడ్డ వెలుతురునంతా మింగేసేది నలుపు. మామూలు నల్ల ఇంకులో నల్ల పదార్థం ఉండదు. రెండు మూడు రంగులు నీళ్ళలో కరిగించి, ఒకటి వదిలేసిన వెలుతురును ఇంకొకటి మింగేలా కలుపుతారు. కలిపిన పాళ్ళను బట్టి ఒక నలుపు నీలానికి మొగ్గుతుంది, ఒకటి ఊదాకు, ఒకటి ఆకుపచ్చకు. దీన్ని చూడడానికి ల్యాబ్ అక్కర్లేదు. వడపోత కాగితం ముక్క మీద అడుగున ఒక చుక్క పెట్టి, కొస నీళ్ళకు ఆనించి నిలబెడితే, నీరు పైకి పాకుతూ ఒక్కో రంగునూ ఒక్కో ఎత్తుకు మోసుకుపోతుంది. క్రొమటోగ్రఫీ అని తొమ్మిదో తరగతిలో చదువుకుంటాం కదా, అదే. క్వింక్ నలుపు ఈ విషయంలో పేరు మోసింది. నీలం ఒక పక్క, పసుపు గోధుమలు ఒక పక్క విచ్చుకుంటాయి. నీళ్ళు తగిలితే ఇలా రంగులు విడతాయనే కొందరు చిత్రకారులు ఏరికోరి దానితో బొమ్మలు వేస్తారు. క సీసాలో ఊదా, నారింజ దాక్కుని ఉన్నాయి. ప్లాటినమ్ చుక్క మాత్రం పెట్టినచోటే కూర్చుంది. అందులో రంగు కరిగి లేదు. కంటికి కనపడనంత సన్నని మసి రేణువులు నీళ్ళలో తేలుతున్నాయి, అంతే.

నలుపు తూచడానికి త్రాసు కావాలి. జెరాక్స్ షాపు మిత్రుడు తెలుపు నుంచి నలుపు దాకా పది మెట్లుగా బూడిదరంగు పట్టీ ముద్రించి తెచ్చాడు. కానీ మా నలభై దాటిన కళ్ళ మీద మాకే నమ్మకం లేదు. అందుకని డైనింగ్ హాల్లో ఆదివారం టిఫిన్ అయ్యాక అయిదో తరగతి, ఆరో తరగతి పిల్లల్ని న్యాయనిర్ణేతలుగా కూర్చోబెట్టాం. ఏది ఏ ఇంకో చెప్పలేదు. ఒకే పెన్ను, ఒకే కాగితం, ఒకే వాక్యం, అంకెలు మాత్రం వేరు. ఏది ఎక్కువ నలుపో వరుసగా పేర్చమన్నాం. పిల్లలు కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, కన్ను మూసి, వంచి, పక్కవాడి జుట్టు పక్కన పెట్టి మరీ చూశారు. ఒకడు తన ముంజేతి పక్కన పెట్టుకుని "ఇది నాకంటే తక్కువే" అని పక్కన పడేశాడు. నలుపు ఎక్కువైతే మార్కులు ఎక్కువ వచ్చే పోటీ మనం బతుకులో చూసింది ఇదొక్కటే అనుకుంటాం.

తడి మీద అందరూ ఖకే ఓటేశారు. సీసాలోనూ అది తారులా ఉంటుంది. అరగంట ఆరాక అదే కాగితం మళ్ళీ చూపిస్తే ఖ నాలుగో స్థానానికి దిగింది. ఏ ఇంకైనా తడిగా ఉన్నప్పుడు నల్లగానే కనిపిస్తుంది. ఆరేకొద్దీ తేలిపోతుంది, కొన్ని మరీ ఎక్కువ. ఖ గీత ఎండాక అంచున ఎర్రటి మెరుపు తేలింది. అది అందంగానే ఉంది, కానీ మెరిసేచోట నలుపు తగ్గినట్టే. ఆరిన తరువాత పిల్లల లెక్కలో మొదటి స్థానం నూడ్లర్స్‌కు, రెండో స్థానం ప్లాటినమ్‌కు వచ్చింది. ప్లాటినమ్ నలుపుకు మెరుపు లేదు, పలక మీద బొగ్గులా ఉంటుంది. ఆ రెంటి మధ్యా ఓట్ల తేడా చాలా తక్కువ, ఇంకో ఆదివారమైతే తారుమారయ్యేదేమో. మూడోది గ. మన సీసాల్లో గ చాలా గట్టిది, ముందే చెప్పేస్తున్నాం.

అయితే ఈ వరుస బాండు పేపరు మీద. మామూలు నోటు పుస్తకం మీద రాస్తే పోటీ మొత్తం మారిపోయింది. పలచటి కాగితం ఇంకును కింది దాకా పీల్చేస్తుంది. రంగు పైన నిలవకుండా లోపలికి దిగిపోతే పైకి కనిపించేది బూడిద. అక్షరం అంచులకు మీసాలు మొలుస్తాయి, వెనక పేజీ రాయడానికి పనికిరాదు. ఆ కాగితం మీద కూడా మీసాలు లేకుండా నల్లగా నిలిచింది నూడ్లర్స్ ఒక్కటే. అది కాగితంలోని సెల్యులోజుతో బంధం కట్టుకునేలా చేసిన ఇంకు. దాని ఇబ్బంది దానికుంది, నున్నటి కాగితం మీద కాగితపు నారకు తగలని ఇంకు పైనే ఉండిపోయి, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది.

పెన్ను సంగతి కూడా చెప్పకపోతే లెక్క తప్పుతుంది. అదే గ ఇంకును చైనా హీరో పెన్నులో పోసి సన్న పాళీతో రాస్తే ఒక నలుపు, రాజమండ్రి ఎబొనైట్ పెన్నులో పోసి లావు పాళీతో రాస్తే ఇంకో నలుపు. రెండూ ఒకే సీసావని పిల్లలు నమ్మలేదు. పాళీ ఎంత ఇంకు దింపితే గీత అంత నలుపు. మన గోదావరి జిల్లాల వాళ్ళకు రాజమండ్రి పెన్నుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గాంధీగారు స్వదేశీ వస్తువులు చెయ్యమని ప్రోత్సహిస్తే కె.వి. రత్నం గారు కలాలు చేసి పంపారు, 1935లో గాంధీగారు ఆయనకు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఆ పెన్నుల్లో ఫిల్లరుతో గొట్టం నిండా ఇంకు పోస్తే పాళీ కూడా ధారాళంగా వదులుతుంది. పొదుపు చేసి రాసే పాళీ ఉంటే ఎంత ఖరీదైన ఇంకైనా నెలాఖరు పేజీలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు ఏడో ఇంకు. కరక్కాయలు దంచి నానబెట్టి కాచి వడగట్టి, అందులో అన్నభేది కలిపాం, కొంచెం తుమ్మబంక వేశాం. అన్నభేది అంటే ఇనుము ఉన్న లవణం, కరక్కాయలో ఉండేది వగరు, అంటే టానిన్. ఇనుమూ వగరూ కలిసి గాలి తగిలితే నలుపు పుడుతుంది, ఆ నలుపు నీళ్ళలో కరగదు. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళు చేసేదీ ఇదే సూత్రం. కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన ద్రవంతో గీస్తారు, గీత నల్లగా తేలుతుంది. మన రిజిస్టరులో నిలబడ్డ బ్లూ బ్లాక్ పేజీల రహస్యం కూడా ఇదే. పాతకాలం బ్లూ బ్లాక్ అంటే ఇనుము ఇంకే. రాసేటప్పుడు కంటికి కనపడడానికి అందులో నీలం కలిపేవారు, తరువాత నీలం పోయినా నలుపు వచ్చి కూర్చునేది. మా ఇంకుతో బద్దకలం ముంచి రాస్తే మొదట పలచటి టీ రంగులో పడింది. పిల్లలు దానికి ఏకగ్రీవంగా చివరి స్థానం ఇచ్చి, "ఇది ఇంకా, చారా" అని అడిగారు. మర్నాడు పొద్దున బడికెళ్ళేముందు ఒకడు గోడ మీద అంటించిన కాగితం చూసి కేకేశాడు. చారు రాత్రికి రాత్రే గ పక్కన నిలబడగలిగినంత నల్లబడింది. ఆ రోజు టీచరు మిత్రుడు ఆక్సీకరణం గురించి చెప్పిన పాఠం ఎవరూ మరిచిపోరు.

తరువాత పరీక్షలు. ఏడు ఇంకులతో రాసిన కాగితాన్ని రాత్రంతా బక్కెట్లో నానబెట్టాం. క, ఖ పూర్తిగా పోయాయి, గ నీడలా మిగిలింది. క్వింక్ రంగులు చిత్రకారులు కోరుకునేట్టే విచ్చుకున్నాయి. నూడ్లర్స్, ప్లాటినమ్, మా చారు మిగిలాయి. ఇంకో కాగితం మీద వాటర్ ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడరు నీళ్ళు చల్లాం. దీనికి రంగు ఇంకులన్నీ తెల్లమొహం వేశాయి, ఇనుము ఇంకు గోధుమ మరకైంది, మసి ఇంకు చలించలేదు. మసికి రసాయనాలతో పని లేదు. అన్నీ కాలిపోయాక మిగిలేదే మసి, దాన్ని ఇంకేం చేస్తారు? మూడో కాగితాన్ని సగం అట్టతో మూసి, మిగతా సగం డాబా మీద ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్ళేదాకా ఎండలో ఉంచాం. అట్ట తీసి చూస్తే ఖ ఎండసగం బూడిద గుమ్మడికాయ రంగులో ఉంది. తడి మీద మొదటి బహుమతి కొట్టింది ఇదేనని గుర్తుచేస్తే పిల్లలు ఒప్పుకోలేదు. కాగితం మార్చేశామని మమ్మల్నే అనుమానించారు.

ఇంకొకటి అనుకోకుండా తెలిసింది. వరండా గోడ మీది కాగితాలు రాత్రి సీసీ కెమెరా తెర మీద చూస్తే దాదాపు ఖాళీగా కనిపించాయి, ప్లాటినమ్ వరుస మాత్రం కొట్టొచ్చినట్టు ఉంది. చీకట్లో కెమెరా వాడేది పరారుణ కాంతి. రంగులతో చేసిన నలుపు మన కంటిని మోసం చేయగలదు గానీ ఆ కాంతిని మింగలేదు. మసి దాన్నీ మింగుతుంది. దొంగ రాతలు, దిద్దుబాట్లు పట్టుకునే ఫోరెన్సిక్ వాళ్ళు ఇంకులను విడదీసి చూసే పద్ధతుల్లో ఇదొకటి. వాచ్‌మన్ గారు మాత్రం "ఈ మాత్రం దానికి రాత్రి పదకొండింటికి నన్ను లేపారా" అన్నారు.

తాటాకు మీద గంటంతో గీసి, గీతల్లో దీపం మసి పూసిన మన పెద్దల కాలం నుంచి మసిని మించిన నలుపు రాలేదని మాకు అర్థమైంది. అందుకని ఇంట్లో మసీ తుమ్మబంకా నూరి పెన్నులో పోసుకోకండి. డ్రాయింగు షాపులో దొరికే ఇండియన్ ఇంకు కూడా వద్దు. అందులో బంకో లక్కో ఉంటుంది, నాలుక పూడుకుపోయి పెన్ను పనికిరాకుండా పోతుంది. ప్లాటినమ్ లాంటివి పెన్నులో వాడడానికే చేసినవి. అవైనా ఎండబెడితే మొరాయిస్తాయి. ఇనుము ఇంకు ఇంట్లో కాచింది పుల్లగా ఉంటుంది, పాళీని తింటుంది, ఎక్కువైతే కాలక్రమాన కాగితాన్నీ తింటుంది.

పేర్ల పుస్తకానికి లెడ్జరు పేపరు, ప్లాటినమ్ ఇంకు ఖాయం చేశాం. నూడ్లర్స్ ఎందుకు కాదని డల్లాస్ తమ్ముడు ఫోనులో గట్టిగానే వాదించాడు. లెడ్జరు పేపరు నున్నగా ఉంటుంది, వంద చేతులు తిరగేసే పుస్తకంలో అలుక్కుపోయే ఇంకు మాకు పనికిరాదు. ఆ సీసాను పదో తరగతి పిల్లలకు నోటు పుస్తకాల కోసం ఇచ్చేశాం. పాత రిజిస్టరు పేజీల మీద కొత్త ఇంకుతో దిద్దుదామని ఒక సూచన వచ్చింది. పంచాయతీ కార్యదర్శి మిత్రుడు ఒప్పుకోలేదు. దిద్దిన రిజిస్టరును ఎవరూ నమ్మరు, మిగిలిన అక్షరాల విలువ కూడా పోతుంది. దాన్ని అలాగే ఫోటోలు తీసి, గుడ్డలో చుట్టి పెట్టాం. పోయిన పేర్లను గది గదిగా, బ్యాచ్ బ్యాచ్‌గా అడిగి కనుక్కుంటున్నాం. 1983 పేజీలో పోయినవాటిలో పదకొండు దొరికాయి, ఇంకా తొమ్మిది కావాలి. వేలిముద్రలున్నాయి, పక్కన పేర్లు లేవు. ఆ ఏడు చేరినవాళ్ళు గానీ, వాళ్ళను ఎరిగినవాళ్ళు గానీ ఈ సంచిక చూస్తే వార్డెన్ గారికి చెప్పండి. ముద్దుపేరు గుర్తున్నా, ఊరు గుర్తున్నా, తండ్రి ఏ పని చేసేవారో గుర్తున్నా సరే. ఆ అన్నయ్య పేరు మొదట రాశాం, వాళ్ళ నాన్నగారి పేరు పక్కనే ఉంది.

రాయడానికి చేతిరాత బాగున్న తొమ్మిదో తరగతి తమ్ముళ్ళు నలుగురిని వార్డెన్ గారు ఎంపిక చేశారు. ఇంకు సీసా, రెండు పెన్నులు ఆఫీసు బీరువా పై అరలో ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం రాసేటప్పుడు తప్ప అవి బయటికి రావు. రాయడం అయ్యాక గొట్టంలో మిగిలిన ఇంకు పారబోయకుండా సీసాలో కలపకుండా, వేరే చిన్న సీసాలో పోయాలి. పాళీ, నాలుక విప్పి నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి, వేడినీళ్ళు వాడకూడదు, మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టి సాయంత్రం టీ గంటకు ముందే తాళం చెవి వాచ్‌మన్ గారికి అప్పజెప్పాలి. గ ఇంకు సీసా మాత్రం స్టడీ హాలు కిటికీలో ఉంచాం, ఎవరైనా పోసుకోవచ్చు. చుక్కలు లెక్కపెట్టక్కర్లేదు.